చిటికెన వేలు

రాత్రి డ్యూటీకి బయల్దేరే ముందు
అన్ని గోళ్లూ ఒకసారి తీస్తాను,
చిటికెన వేలిది మాత్రం రెండుసార్లు.
నా చెంపకే రాసి చూసుకుంటాను
ఎక్కడైనా గీరుతుందేమోనని.

ఘోషాసుపత్రి, పద్దెనిమిదో మంచం.
గరికిన మరిడేశ్వరి, పెదజాలరిపేట.
నెలలు నిండకుండానే దిగిన ఆడపిల్ల,
కిలో ఎనిమిది వందలు.
"వంజరం ఇంతకంటే తూగుతాది సిస్టరూ"
అంది వాళ్లత్త కాసులమ్మ,
నవ్వుతూనే, కళ్లు తుడుచుకుంటూనే.

రొమ్ము దగ్గరికి చేరిస్తే
రెండుసార్లు నాకి నిద్రపోతుంది.
నాలుక అంగిట్లోకి ముడుచుకుంటుంది,
పెదవి జారిపోతుంది,
మూలనుంచి తెల్లటి చుక్క మెడ మీదికి.
"నాకు పాల్లేవేమో" అంటుంది మరిడేశ్వరి.
రవిక ముందంతా తడిసి ముద్దై ఉంది.
పాల్లేవంటుంది.

"సేపపిల్లకి ఈత నేర్పుతారేటి?
తాగడం కూడా నేర్పాలేటి?"
కాసులమ్మ అడిగింది నన్నో, గోడనో.

నేర్పాలమ్మా.
పీల్చడం తెలుసు దీనికి, మింగడం తెలుసు,
ఊపిరీ తెలుసు.
మూడింటినీ ఒక్క తాడుకి కట్టడమే
ఇంకా తెలీదు.

చేతులు కడిగి
చిటికెన వేలు, మెత్తటి వైపు పైకి,
చిగుళ్లు దాటించి అంగిటికి ఆనించాను.
ఏమీ లేదు.
వెచ్చగా, తడిగా, ఎవరూ లేని చిన్న గది.
కిటికీ అవతల హార్బరులో
ఏదో ఓడ లంగరు దింపుతున్న చప్పుడు.
నేను కదపలేదు. అడగలేదు.
అప్పుడు
ఒక్క లాగు.
గాలానికి చేప తగిలినట్టు కాదు,
చేపే గాలం వేసి
నన్ను పట్టుకున్నట్టు.

ఇంటినుంచి ఉగ్గుగిన్నె తెచ్చింది కాసులమ్మ,
మరిడేశ్వరి మొగుడు తాగిన గిన్నె, ముక్కు కొంచెం వంకర.
మరగబెట్టాం. పిండిన పాలు పోశాం.
వంపకు, కింది పెదవికి ఆనించి ఊరుకో,
అదే నాకుతుంది అన్నాను.
చెయ్యెలా పెట్టాలో మరిడేశ్వరికి చూపించాను:
మూడు వేళ్లు రొమ్ము కింద,
బొటనవేలు ఒక బుగ్గకి, చూపుడువేలు ఒక బుగ్గకి,
మధ్యలో గడ్డం కూర్చోడానికి చిన్న పీట.
వలలు అల్లిన వేళ్లు,
నాకంటే తొందరగా నేర్చుకున్నాయి.

నాకెవరూ చూపలేదు.
గాజువాక అద్దింట్లో పద్నాలుగు రోజులు
నా కొడుకూ నేనూ కలిసి ఏడ్చాం.
పదిహేనో రోజు సీసా.
వాడిప్పుడు ఆరడుగులు, గుమ్మం దాటాలంటే తల వంచుతాడు.
ఏం తక్కువైంది? ఏమీ కాలేదు.
నాకే, ఎక్కడో...
ఈ సంగతి మంచం దగ్గర చెప్పలేదు.

మూడో రాత్రి, మూడున్నర.
ఫిషింగ్ హార్బరులో బోట్ల ఇంజన్లు మొదలయ్యే వేళ.
రవిక విప్పి, గుండె మీద గుండె,
పైన కాసులమ్మ పాత చీర.
ఒక లాగు. ఇంకోటి.
ఆ వెనకే
క్కు.
అంత చిన్న శబ్దానికి
ముగ్గురం ఊపిరి బిగబట్టాం.
మళ్లీ క్కు.
తర్వాత ఆగిపోయింది.
మరిడేశ్వరి బెదిరి నా వైపు చూసింది.
"ఆగనీయే" అంది కాసులమ్మ,
"ఎనక్కెల్లకండా కెరటం మల్లీ ఎలగొస్తాది?"

వచ్చింది.
పన్నెండు గుక్కలు లెక్కపెట్టాను,
పదమూడోది నిద్ర.
మిగతావి ఉగ్గుగిన్నెతోనే.
చార్టులో మిల్లీలీటర్లకి గడి ఉంది,
గుక్కలకి లేదు. మార్జిన్లో రాశాను.

పొద్దున తూకం: ఇరవై గ్రాములు ఎక్కువ.
"అయితే నాలుగు నెత్తళ్లు" లెక్క తేల్చింది కాసులమ్మ.

జగదాంబ దగ్గర బస్సు దొరికింది, సీటు దొరకలేదు.
పైన కడ్డీ పట్టుకున్నాను.
నాలుగు వేళ్లు ఇనుము చుట్టూ ఉన్నాయి.
చిటికెన వేలు మాత్రం విడిగా, గాల్లో,
ఎవరి పిలుపుకో ఎదురుచూస్తున్నట్టు.